స్వధార వాళ్ళ మడ్డి

భూమి తదియ

పొద్దున వదులు గంట కొట్టగానే మా స్నానాలగది తూము బుడగలు కక్కింది. నీళ్ళు మింగాల్సిన తూము కక్కడమేమిటని వంగి చూశాను. కుళ్ళు వాసన మొహాన కొట్టింది.

భూమ్మీద నీళ్ళు వాటంతటవే పల్లానికి పరుగెడతాయట. చంద్రుడి మీద వాటికి ఆ తొందర లేదు. గొట్టంలో బద్ధకంగా జారి ఎక్కడ వంపు వస్తే అక్కడ కూలబడతాయి. అందుకే ప్రతి ఇల్లూ వాడిన నీళ్ళని తొట్టిలో పట్టి ఉంచుతుంది. గంట కొట్టగానే ఒకే వసారాలోకి తలుపులున్న ఇళ్ళన్నీ ఒకేసారి మీట ఎత్తాలి. అప్పుడు అందరి నీళ్ళూ కలిసి ఒక్క జోరుగా గొట్టంలో ఉన్నదాన్నంతా నెట్టుకుంటూ శుద్ధి గదికి పోతాయి. అక్కడ శుభ్రపడి తిరిగి మన కుళాయిల్లోకే వస్తాయి. ఈ రాతిపట్నంలో కొత్త నీళ్ళంటూ లేవు. నిన్న నువ్వు స్నానం చేసిన నీళ్ళతో ఇవాళ నేను పప్పు ఉడకేస్తాను. ఈ ఊరు మనుషులకి నేర్పిన మంచి విషయం అదొక్కటే. దాన్ని కూడా మరిచిపోవడానికి మావాళ్ళు నానా తంటాలు పడుతున్నారు.

తిథి చూసి నవ్వుకోకండి. ఇక్కడి ఆకాశంలో పెరిగేదీ తరిగేదీ భూమి కాబట్టి దాన్ని చూసే లెక్కపెట్టుకుంటాం. ఊరు దాటాం, గ్రహం దాటాం, పంచాంగం మాత్రం చంక దిగలేదు.

ఏడో వసారాలో మాది చివరి ఇల్లు. మా గోడ దాటగానే గొట్టం వంపు తిరిగి పైకి ఎక్కుతుంది. జోరు తగ్గితే ఊరి మురుగంతా మా ఇంటి కిందే ఆగుతుంది. ఈ ఇంటి ముందుగదిలోనే మా అక్క వకుళ మెస్ నడుపుతుంది. గనుల బళ్ళు తోలేవాళ్ళు రెండు పూటలా ఇక్కడే తింటారు. నేను కూరలు తరుగుతాను, మిగతా వేళల్లో సంఘం హాలు గోడ మీద వ్యాసాలు రాస్తాను. నా వంకాయ ముక్కలకున్న గిరాకీ వ్యాసాలకి లేదు.

గొట్టాలు చూసే సైదులు మధ్యాహ్నం వచ్చాడు. తూములోకి తొంగి కూడా చూడలేదు.

"ఆయిలమ్మా, ఆయిలు. బజ్జీలేసిన మూకుళ్ళు ఎక్కడ కడుగుతన్నారు?"

"నీ నెత్తి మీద," అంది అక్క.

"నా మీద అరిస్తే గొట్టం బాగుపడుద్దా? వసారా అంతా అంటన్న మాటే నేనూ అంటన్నా. మీ మెస్ నూనె పేరుకుపోయింది. వేపుళ్ళు మానెయ్యండి, అదే సర్దుకుంటది."

వసారా అంతా అంటోందట. తూము ఇవాళ పొద్దున్న పొంగింది, మధ్యాహ్నానికి వసారా మొత్తం తీర్పు చెప్పేసింది. వండేవాళ్ళ మీద నేరం మోపడానికి విచారణ అక్కర్లేదు.

భూమి పంచమి

అక్క వేపుళ్ళు మానేసింది. బజ్జీల్లేవు, అప్పడాల్లేవు, తిరగమోత కూడా లేదు. ఖనిజం బండి తోలే మస్తానమ్మ పళ్ళెం చూసి వెనక్కి జరిగింది.

"ఏందక్కా ఇది? నాకేవన్నా ఆపరేషనైందా? పత్యం పెడతన్నావు."

"తూము బాగయ్యేదాకా ఇంతే. తింటే తిను."

"తింటాలే. తిట్టుకుంటా తింటా."

తూము బాగవలేదు. సాయంత్రం గంటకి నల్లటి మురుగు స్నానాలగది దాటి నడవలోకి వచ్చింది, వంటగడప తాకింది. తలుపు పక్కనున్న ఆరోగ్య కాపలా పెట్టె ఎర్రగా వెలిగింది. దాని గొంతు భలే మర్యాదగా ఉంటుంది.

"వంటగడపకు మురుగు చేరింది. మరొకసారి చేరినచో ఇల్లు మూసివేయబడును. వంట అనుమతి రద్దు చేయబడును. నివాసులు వెలుపలి గదులకు తరలింపబడుదురు."

"మురుగు మాది కాదు," అన్నాను. "గొట్టం ఎవరిది? వసారాది. జోరు ఎందుకు తగ్గిందో కనుక్కోకుండా చివరింటిని మూసేస్తే..."

"వంటగడపకు మురుగు చేరింది," అంది పెట్టె మళ్ళీ.

"దాంతో వాదిస్తావేంటే హైమా, అది పెట్టె," అంది అక్క.

"పెట్టె వెనకాల మనుషులున్నారు."

"అయితే వెళ్ళి వాళ్ళతో వాదించు. ముందు ఆ చీపురందుకో."

వెలుపలి గదుల్లో పొయ్యి వెలిగించనివ్వరు. గని కూలి బావ చనిపోయినప్పుడు అక్క మంచం దిగలేదు. ఆమెని లేపి నిలబెట్టింది నేను చెప్పిన ధైర్యం కాదు, ఈ పొయ్యే. ముందు నలుగురికి వండింది, తర్వాత నలభై మందికి. ఇప్పుడా పొయ్యిని ఎవరిదో మురుగు వచ్చి ఆర్పుతుందట. దానికి మేం చీపురు పట్టుకుని సిద్ధంగా ఉండాలట.

భూమి సప్తమి

ఇవాళ పైకి వచ్చింది నల్లగా లేదు. పసుపురంగులో, రుబ్బిన పిండిలా చిక్కగా ఉంది. స్నానాలగది గుమ్మం దగ్గర పాత చీరలు అడ్డం వేసి, వంటగడప దాకా రాకుండా ఎలాగో ఆపాం. అక్క కాస్త చేటలోకి ఎత్తి వాసన చూసింది.

"పసుపే. అనుమానం లేదు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడో వసారాలో గొట్టంలో పసుపు పోసేవాళ్ళు ఒక్కళ్ళే ఉన్నారు.

నడిమిళ్ళ వాళ్ళ సంగతి చెప్పాలి. ఇంటిపేర్లు కలిసినవాళ్ళు కొందరు కిందటేడు వసారా నడుమ పక్కపక్క ఇళ్ళలోకి మారి, మధ్య గోడలు తీసి, సొంతంగా శుద్ధి యంత్రం ఒకటి పెట్టుకున్నారు. తమ ఇళ్ళలో వాడిన నీళ్ళని తామే వడగట్టుకుని తామే తాగుతారు. ఊరందరి ఒంటి మీంచి వచ్చిన నీళ్ళు తమ గొంతు దిగకూడదు. దాని పేరు స్వధార. వారానికోసారి మంత్రాలు చదివి తొట్టిలో పసుపు పోస్తారు. సంఘం మీటింగులో నేను అడ్డం పడితే, "మా నీళ్ళు మా ఇష్టం, మేమెవరినీ ఏమీ అనడం లేదు కదా" అన్నారు. నిజమే, ఏమీ అనలేదు. ఏమీ అనకుండానే వెలివేసే విద్య ఈ శతాబ్దంలో బాగా వృద్ధి చెందింది. ఓట్లు పడ్డాయి, స్వధార నెగ్గింది. నాకు అభివృద్ధి నిరోధకురాలని బిరుదొచ్చింది. నాకు!

ఇప్పుడు అర్థమైంది. స్వధార వాళ్ళు గంటకి మీట ఎత్తరు, ఎందుకంటే వదలడానికి వాళ్ళ దగ్గర నీళ్ళుండవు. అంతమంది నీళ్ళు లేకపోతే వసారా జోరు చచ్చిపోక ఏమవుతుంది? అదొక్కటే అయితే ఓర్చుకుందుం. వాళ్ళ యంత్రం ఆఖరి చుక్క దాకా పిండుకున్నాక అడుగున మడ్డి మిగులుతుంది. దాన్ని ఎక్కడికి తోస్తున్నారు? మా అందరి గొట్టంలోకి. ఏడాదిగా పేరుకుని పేరుకుని ఇప్పుడు పొంగింది. నీళ్ళలో అంటు ఉంది, మడ్డిలో లేదు!

చేటతో సహా రామబ్రహ్మం బాబాయి ఇంటికి వెళ్ళాను. స్వధారకి పెద్ద ఆయనే. మా నాన్నకి దూరపు తమ్ముడి వరస. వాళ్ళ నడవలో అడుగుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడే ఆగమ్మా. అదేంటది చేతిలో?"

"మీదే బాబాయ్. పొరపాటున మా ఇంటికొచ్చింది, ఇచ్చిపోదామని తెచ్చాను."

"వేళాకోళాలొద్దు."

"వాసన చూడండి. మీరు పోసిన పసుపే."

ఆయన చూడలేదు. "గొట్టం ఉమ్మడిది. అందులో ఏది వెయ్యాలో ఏది వెయ్యకూడదో మీటింగులో తీర్మానం చెయ్యలేదు. నువ్వేగా ప్రతిదానికీ తీర్మానం కావాలనేదానివి?"

"తాగే నీళ్ళు ఉమ్మడివి కాకపోతే మురుగు మాత్రం ఉమ్మడెలా అవుతుంది?"

"ఇందుకేనమ్మా నీకు ఎక్కడా పొసగనిది," అన్నాడు జాలిగా. "ఇల్లు గొట్టం చివర తీసుకున్నది మీరు. నేను తీసుకోమన్నానా?"

తలుపు వేసుకున్నాడు. చేట వాళ్ళ గుమ్మంలోనే బోర్లించి వచ్చాను. చేసినందుకు నాకేమీ విచారం లేదు.

భూమి నవమి

సంఘం మీటింగు పెట్టించాను. ఏమైందో చెప్పనా? నేను చాలాసేపు మాట్లాడాను. సమూహం లేకుండా స్వచ్ఛత ఉండదన్నాను. నీళ్ళని కులాలుగా విడగొట్టాక గాలిని విడగొట్టడానికి ఎన్నాళ్ళో పట్టదన్నాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. అధ్యక్షుడు ఆవలించాడు. సైదులు లేచి మళ్ళీ నూనె సంగతే ఎత్తాడు. వేపుళ్ళు ఆపి నాలుగు రోజులైందని అక్క అరిచింది. "పాత నూనె కూడా ఉంటదిగా," అన్నాడు వాడు. పసుపు ఎవరింట్లో ఉండదు, రుజువేమిటని నడిమిళ్ళ వాళ్ళు అడిగారు. పరిశీలనకి ఒక ఉపసంఘం వేశారు. నా జీవితంలో ఇన్ని ఉపసంఘాలు చూశాను, ఒక్కటి కూడా మురుగు ఎత్తిపోయలేదు.

మేం ఇల్లు చేరిన కాసేపటికి రామబ్రహ్మం బాబాయి వచ్చాడు. ఈసారి ఆయనే మా గడప దాటి లోపలికి వచ్చాడు. అక్క స్టూలు జరిపితే కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"వకుళా, అందరి ముందూ అనలేక ఊరుకున్నాను. నువ్వు పరాయిదానివి కాదు. మన ఇంటిపేరు నీది. మీ ఇంటికి స్వధార గొట్టం కలిపేస్తాం. అప్పుడు ఈ ఉమ్మడి గొట్టానికీ మీ తూముకీ మధ్య బిగింపు కొట్టెయ్యొచ్చు. మురుగు రాదు, ఇల్లు మూయరు."

నేను నోరు తెరవబోయాను. అక్క చెయ్యెత్తి ఆపింది. పొయ్యి ఆవిడది. పోయేది ఆవిడ బతుకు. ఇష్టం లేకపోయినా నోరు మూసుకున్నాను.

"మెస్ నడుస్తుందా బాబాయ్?" అంది అక్క.

"ఎందుకు నడవదు? లక్షణంగా నడుపుకో."

"తిన్న పళ్ళేలు కడిగిన నీళ్ళు మీ ధారలోకే వస్తాయి మరి. మస్తానమ్మ తిన్న పళ్ళెం, జోసెఫ్ తిన్న పళ్ళెం, అందరివీ. అవి వడగట్టుకుని మీరు తాగుతారా?"

ఆయన గోడకేసి చూశాడు. "ఆ బళ్ళవాళ్ళకి ఇంకెక్కడైనా చూసుకోమని చెప్పు. మనవాళ్ళకి వండు. మనవాళ్ళూ తింటారు కదా."

"మీవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరోజు నా మెస్‌లో తిన్నారా?"

"ఇకనుంచి తింటారు."

"వాళ్ళకి ఆకలెయ్యదు బాబాయ్," అంది అక్క స్టూలు వెనక్కి తీసుకుంటూ, "నాకు ఆకలేసేవాళ్ళు కావాలి. వెళ్ళిరండి."

భూమి దశమి

మూసేశారు.

పొద్దున గంటకి పసుపు మడ్డి పాత చీరల్ని తోసుకుని వంటింటి మధ్యదాకా వచ్చింది. పెట్టె మర్యాదగా మమ్మల్ని బయటికి నడవమంది. గిన్నెలు, కరెంటు పొయ్యి, బియ్యం డబ్బా మాత్రం తెచ్చుకోగలిగాం. తలుపు దానంతటదే బిగుసుకుంది. మీద ఎర్ర పట్టీ వెలిగింది. అక్క ఏడుస్తుందనుకున్నాను. తలుపుని కాలితో తన్నింది, కాలు నొప్పెట్టి కూలబడింది, అప్పుడు ఏడ్చింది.

వెలుపలి గదులకి తీసుకుపోయే బండి వస్తే ఎక్కలేదు. మూసిన తలుపు ముందే వసారాలో కూర్చుంది. తిండివేళకి బళ్ళవాళ్ళు వచ్చారు. ఎర్ర పట్టీ చూసి నిలబడిపోయారు.

"పోయి ఇంకెక్కడన్నా తినండి," అంది అక్క.

"యాడ తింటాం?" అంది మస్తానమ్మ. "అసలు ఎవుడిదీ పని?"

చెప్పాను. ఈసారి సమూహం, స్వచ్ఛత అనలేదు. వాళ్ళు నీళ్ళు పిండుకుని మడ్డి మన గొట్టంలో వేస్తున్నారు, మన నీళ్ళు ఆ మడ్డిని మోసుకొచ్చి అక్క వంటింట్లో దింపుతున్నాయి అన్నాను. ఇన్నేళ్ళ నా వ్యాసాలన్నిటికంటే ఆ ఒక్క ముక్కా బాగా పనిచేసింది. అది ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండుతోంది.

"అంటే వాళ్ళ పెంట మనం మోస్తన్నావా?" అంది మస్తానమ్మ.

"రోజూ, గంట కొట్టినప్పుడల్లా."

"అయితే మొయ్యొద్దు. గంట కొట్టనీ, మీట ఎవురూ ఎత్తమాకండి. వాళ్ళది వాళ్ళ గుమ్మంలోనే ఉంటది."

"మన తొట్లు నిండిపోతాయి కదా?" అన్నాడు జోసెఫ్.

"నిండేలోపు వాళ్ళ ముక్కులు నిండుతాయి. ఎవురు ముందు నిండుతారో చూద్దాం పా."

బళ్ళవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. చిత్రంగా సైదులు కూడా తిరిగాడు. "నేను ఏ పక్కా కాదు. మీట ఎత్తొద్దని చెప్పట్లేదు, ఎత్తితే మీ ఇష్టం అని చెబుతన్నా," అంటూ ప్రతి ఇంటికీ చెప్పొచ్చాడు. అక్క వసారాలోనే పొయ్యి పెట్టి కిచిడీ వండింది. వసారాలో వండడం నేరం. ఆ వ్యాసం మరోసారి రాస్తాను.

భూమి ద్వాదశి

నిన్న పొద్దున గంట మోగింది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఎన్నడూ వినని సంగతి జరిగింది. గోడల్లో నీటి చప్పుడు లేదు. గంట ఆగాక వసారా అంతా చెవులు రిక్కించి నిలబడింది. జనం ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తొట్లు నిండుతున్నాయి. స్నానాలు మానేశాం, అందరం కంపు కొడుతున్నాం. అయినా నిన్నట్నుంచి ఒక్క మీట లేవలేదు.

ఇవాళ సాయంత్రానికి నడిమిళ్ళ గుమ్మాల కిందనుంచి పసుపు మడ్డి పాకుతూ వసారాలోకి వచ్చింది. పట్టుపంచెలు మడిచి పట్టుకుని స్వధార వాళ్ళు బయటికి గెంతారు. కాపలా పెట్టెలు వాళ్ళ తలుపుల పక్కన కూడా ఎర్రగా వెలిగాయి. వాళ్ళతోనూ అంతే మర్యాదగా మాట్లాడాయి. అది వింటుంటే నాకెంత హాయి కలిగిందో దాచుకోను.

రామబ్రహ్మం బాబాయి అక్క పొయ్యి దగ్గరికి వచ్చాడు. నా వైపు చూడలేదు.

"మీట ఎత్తమని చెప్పు వకుళా. ఆడవాళ్ళు, పసిపిల్లలు ఉన్నారు."

"మాలోనూ ఉన్నారు," అంది మస్తానమ్మ.

"మడ్డితో పాటు మా నీళ్ళు కూడా వదులుతాం. గంటకి మీతో పాటే. అందరిలాగే తొట్టెడు."

"రాతపూర్వకంగా," అన్నాను.

"రాసిస్తాం. కానీ మా ధార మాదే. మీ నీళ్ళు తాగం."

బళ్ళవాళ్ళు చాలనుకున్నారు. వాళ్ళకి కావలసింది తొట్టి ఖాళీ కావడం, అక్క మెస్ తెరవడం. నాకు చాలలేదు. నాకేనాడూ చాలదు. అప్పుడు తట్టింది, అడిగాను.

"బాబాయ్, రోజూ తొట్టెడు వదిలేస్తే మీ ధార ఎండిపోతుందిగా. మళ్ళీ ఎక్కడినుంచి నింపుతారు?"

ఈ ఊళ్ళో నీళ్ళు ఒకే చోట ఉంటాయి. శుద్ధి గదిలో. మస్తానమ్మవీ, జోసెఫ్‌వీ, నావీ, ఊరందరివీ.

ఆయన అక్కని పక్కకి పిలిచాడు. నాకు వినబడేంత దూరమే.

"ఉమ్మడి తొట్టిలోంచి తీసుకోక తప్పదు. కానీ మావాళ్ళకి ఆ సంగతి తెలియక్కర్లేదు. పెద్దవాళ్ళున్నారు, తట్టుకోలేరు. ఎవరికీ చెప్పనని మాటివ్వు. ఇప్పుడే సంతకం పెడతాను, నీ ఇల్లు తెరుచుకుంటుంది."

అక్క మూసిన తలుపుకేసి చూసింది.

"సరే బాబాయ్. నేను ఎవరికీ చెప్పను. మాట."

ఇంత పోరాటం చేసి, చివరికి వాళ్ళ మడి అబద్ధానికి మేం కాపలా కాయాలి! వాళ్ళు మన నీళ్ళే తాగుతారు, కానీ తాగడం లేదన్న గొప్ప వాళ్ళకి మిగలాలి. గొట్టంలోంచి పోయిన మడ్డి బుర్రల్లో భద్రంగా ఉండాలి. ఉల్లిపాయలు తరిగాను, అవసరమైనదానికంటే గట్టిగా.

భూమి పున్నమి

ఇల్లు తెరిచారు. సంతకం అయ్యాక మోగిన ప్రతి గంటకీ జోరు బాగా వచ్చింది. నడిమిళ్ళ నీళ్ళతో సహా. తూము ఎండి శుభ్రంగా ఉంది. కాపలా పెట్టె పచ్చగా వెలిగి "వంటకు అనుమతింపబడినది" అంది. అక్క గడప కడిగి, మూకుడు పెట్టి, నిండా నూనె పోసింది. ఇక్కడి నూనె నెమ్మదిగా పొంగి, వేసిన ప్రతి బజ్జీని వదల్లేక వదుల్తుంది. మస్తానమ్మ మొదటి వాయి మొత్తం ఒక్కతే తినేసింది.

"ఇప్పుడు బతికినట్టుంది," అంది.

జనం పలచబడ్డాక అక్క నా ఎదురుగా కూర్చుంది.

"మూడ్రోజుల్నించీ ముంగిలా ఉన్నావు. ఏంటి నీ బాధ?"

"నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను."

"వాళ్ళ అబద్ధాన్ని మొయ్యడానికి."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చెప్పను కూడా. చచ్చినా చెప్పను. ఆ మాట మీద నిలబడి పొయ్యి తెచ్చుకున్నాను." చేతికంటిన పిండి తుడుచుకుంది. "నువ్వేం మాటివ్వలేదుగా?"

నా నోరు మూయించింది మా అక్కొక్కతే, అదీ ఇలాంటప్పుడు.

"ఆయన నిన్ను అడగను కూడా అడగలేదు," అంది అక్క. "ఇన్నేళ్ళుగా గోడమీద రాస్తున్నావు, ఎవరూ చదవరని ఆయన ధీమా. ఇవాళ చదువుతారు. వెళ్ళు, మళ్ళీ జనం వచ్చే వేళకి ఉల్లిపాయలు తరగాలి."

సంఘం హాలు గోడ దగ్గర నిలబడి ఇది రాస్తున్నాను. స్వధార వాళ్ళు తాగేది మన నీళ్ళే. మొన్నట్నుంచి తాగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరి నాలుకా కాలలేదు. ఇక మీ ఇష్టం. తాగడం మానేస్తారో, మిమ్మల్ని మీరు పొగుడుకోవడం మానేస్తారో తేల్చుకోండి.

వెనకనించి మస్తానమ్మ అరుస్తోంది.

"పెద్దచ్చరాలతో రాయి హైమక్కా! పెద్దాయనకి చత్వారం."